గుండ్ల మిషనుకు పెట్టిన బొట్లు

కర్నూలు,
24–10–54.

శ్రీవారి పాదాలకు మీ రాజ్యలక్ష్మి నమస్కరించి రాసుకునే సంగతులు. ఇక్కడ మామయ్య, చంటిది, నేను దేవుడి దయవల్ల బాగున్నాం. కడపలో మీరూ, వదినగారూ, పిల్లలూ కూడా క్షేమంగా ఉండాలి. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేదాన్నే గానీ ఇవాళ చేతులు జోడించి రాస్తున్నాను. ఎందుకో చివర చెబుతాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. చంటిదాని దగ్గు తగ్గింది. తమలపాకు రసంలో తేనె కలిపి నాలుక మీద రాస్తే మొహం ముడుచుకుంది గానీ మింగింది. మామయ్యకు మోకాలి నొప్పి అలాగే ఉంది, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. అంగడి మూసేసి ఉంచారేమని బస్టాండు వాళ్లందరూ అడుగుతున్నారు. అణా వేసి ఇనప గుండ్లు కొట్టి ఆడే ఆ గుండ్ల మిషను మీద దుప్పటి కప్పావా అన్నారు. కప్పాను. మళ్లీ తీశాను కూడా. మీరు లేకుండా ఆ పని ఎందుకు చేశావని అప్పుడే కోపం తెచ్చుకోకండి, మొత్తం చదవండి.

ప్రేమయ్య మళ్లీ వచ్చాడా అని కూడా అడిగారు. ఎట్లా వస్తాడండీ? మన సోడా అంగట్లో ఇన్నేళ్లు నమ్మకంగా పనిచేసిన మనిషిని అంతమంది ముందు దొంగ అన్నారు. మిషను తాళంచెవి చేతిలోంచి లాక్కున్నారు. గుండు తగిలినప్పుడు అద్దం మీద అంకెలు వెలగకపోవడం, ఆడేవాళ్లు గెలిచామని ఒకరూ గెలవలేదని ఒకరూ కొట్టుకోవడం, ఇదంతా గెలిచినవాళ్లకిచ్చే షర్బతు తనవాళ్లకు ఊరికే ఇప్పించుకోవడానికి అతను లోపల చేసిన పనే అని తేల్చేశారు. పైగా కడపనుంచి సినిమాహాలు మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చి, అతని చేత కూడా చెప్పించి, పోలీసులకు కాగితం ఇస్తానని రాశారు. అది చదివాక నాకు అన్నం సయించలేదు. ప్రేమయ్యను పోలీసులు పట్టుకుపోవడమా! చంటిది మొదటి అడుగు వేసింది అతని వేలు పట్టుకునే కదండీ.

అందుకే నిన్న మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుంటే తాళంచెవి తీసుకొని ఇంటి ముందరి అంగట్లోకి పోయి మిషను వెనక తలుపు తెరిచాను. బల్బులు మాడిపోయాయని మీరు మద్రాసు నుంచి కొత్తవి తెప్పించారు, అవీ వెలగలేదు. నేనేం చేశానంటే, చీకటిగా ఉన్న అంకె వెనక బల్బు ఊడదీసి వెలుగుతున్న అంకె వెనక పెట్టాను. భేషుగ్గా వెలిగింది! మరి బల్బుది తప్పు కాదు గదా. వైర్లు ఒక్కొక్కటి మెల్లగా లాగి చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఆ నల్లటి గుండ్రటి పలక. దాని చుట్టూ ఇత్తడి బుడిపెలు ఉంటాయి చూశారా, గుండు తగిలినప్పుడల్లా చక్రం తిరిగి, ఇత్తడి నాలుక ఒకటి ఆ బుడిపెల మీద రాసుకుంటూ పోతుంది. చెక్క గరిటె కాడతో చక్రాన్ని కొంచెం కొంచెంగా జరిపాను. నాలుక ఒక బుడిపె మీదికి వస్తే అంకె వెలిగింది. పక్కదాని మీదికి పోతే చీకటి. మళ్లీ వెలుగు, మళ్లీ చీకటి.

మెయిను ఆపేసి మీ టార్చి వేసి చూశాను. వెలగని బుడిపెల మీద ఎర్రగా ఎండిపోయి అట్టకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాను. గంధం! గంధం మీద కుంకుమ!

ఏమండీ, అవి నేను పెట్టిన బొట్లు.

ఆయుధపూజనాడు అంగట్లో అన్నిటికీ బొట్లు పెట్టమని మీరే అన్నారు. తక్కెడకు, సోడా మిషనుకు, గల్లాపెట్టెకు పెట్టాను. గుండ్ల మిషను అద్దం మీది పొట్టి గౌను దొరసాని బొమ్మకు కూడా పెట్టాను. మామయ్య అది చూసి, 'ఇప్పుడు కంటికి ఇంపుగా ఉండాదమ్మా' అన్నారు, గుర్తుందా? మీరు బయట బొరుగులూ బెల్లమూ పంచుతున్నారు. పనిచేసేదంతా లోపలుంటే పైన ఒక్క బొట్టు పెట్టి సరిపెట్టడమేమిటని నాకు తోచింది. ప్రేమయ్యను పిలిచి వెనక తలుపు తీయించాను. బుడిపెలు బంగారంలా మెరుస్తుంటే ఒక్కటీ వదలకుండా అన్నిటికీ భక్తిగా పెట్టాను. నాలుక ఎక్కువ తిరిగే చోట అవి రాపిడికి రాలిపోయినట్టున్నాయి. తక్కినచోట గట్టిపడి దీపానికి కరెంటు అందకుండా అడ్డుపడ్డాయి. కుంకుమ వల్ల దీపం ఆరిపోతుందని ఎవరికి తోస్తుందండీ!

ఇంకో సంగతి గుర్తొచ్చి మరీ నిర్ఘాంతపోయాను. ఆ బొట్లు పెడుతున్నప్పుడు తలుపు పట్టుకొని నిలబడింది ప్రేమయ్యే. మరి మీరు దొంగ అన్నప్పుడు అతను నోరెందుకు విప్పలేదు?

ఆ సంగతి తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఇవాళ పొద్దున పనిమనిషి నాగక్కను తోడు తీసుకొని కిరస్తానీపేటకు పోయాను. మీకు చెప్పకుండా పోవడం తప్పే. వాకిట్లో నన్ను చూడగానే ప్రేమయ్య భార్య గిడ్డమ్మ బిత్తరపోయింది. ప్రేమయ్య చాప పరిచి తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఆ బొట్లు నువ్వు చూసినావు గదప్పా?" అని అడిగాను.

"చూసినానమ్మా. నేను రోజూ గుడ్డతో తుడిచే జాగానే గదా అది. నువ్వు బొట్లు పెట్టినాక గుడ్డ ముట్టల్యా."

"వాటివల్లే చెడిందని తెలుసునా?"

"తెలీదమ్మా. అనుమానమైతే వచ్చె. ఒకతూరి గుడ్డ ఎత్తినా కూడా. చెయ్యి రాల్యా."

"అంతమందిలో దొంగ అంటాంటే ఎందుకు చెప్పల్యా మరి?"

అతను తల వంచుకొని అన్నాడు: "చెప్తే తుడిచి చూడమంటారు. ముత్తైదువు పెట్టిన కుంకుమ నాచేత తుడిపిస్తారు. రేపు అయ్యకు ఏ జ్వరమొచ్చినా, కిరస్తానోడు తుడిచినాడు, అందుకే అంటారు. నువ్వు తుడిస్తే నీ గుండె ఊరకుంటాదా తల్లీ? దానికన్నా దొంగ అనిపించుకునేదే మేలనుకున్యా."

అతను మీ ప్రాణం గురించి భయపడ్డాడండీ. మీరేమో అతనికోసం పోలీసులను వెతుకుతున్నారు.

ఇక చివర చెబుతానన్న సంగతి. ఇంటికొచ్చి, తెల్లగుడ్డ కిరసనాయిలులో ముంచి, ఆ కుంకుమ నా చేత్తోనే తుడిచేశాను. మీరు ఊరుగాని ఊళ్లో ఉన్నారని తెలిసీ, కడప బస్సు కొండదారి గుర్తొస్తున్నా తుడిచాను. మొదటి బొట్టు తుడుస్తుంటే మామయ్య చూశారు.

"మతి పోయిందా నీకు? మొగుడు యాడనో ఉండాడు, ఈడ కుంకుమ తుడుస్తావా?" అని కేకేశారు.

"తుడవకపోతే మనింటి పూజకు ఒక మనిషి జైలుకు పోతాడు మామయ్యా" అన్నాను. అన్నీ తుడిచి, ఆరనిచ్చి, మెయిను వేసి గరిటె కాడతో చక్రం తిప్పాను. ఒక్క అంకె కూడా తప్పకుండా వరసగా వెలిగాయి. మామయ్య అద్దం వైపు నోరు తెరుచుకొని చూశారు. ప్రేమయ్య అన్న మాటలు అప్పుడు చెప్పాను. ఆయన కుంటుకుంటూ దేవుడింట్లోకి పోయి కుంకుమ భరిణె తెచ్చి, "పెట్టుకోమ్మా. నా కొడుక్కేమీ కాదు" అన్నారు. అప్పుడు ఏడ్చేశాను.

మెకానిక్కుతో పనిలేదు, అతన్ని తీసుకురాకండి. మీరు దొంగ అన్నది అంగడి ముందు. తప్పయిందని కూడా అక్కడే, అంతమందిలోనే చెప్పండి. ప్రేమయ్యను నేను రమ్మన్నాను. "అయ్య పిలిస్తే వస్తా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆ తుడిచిన గుడ్డ ఉతకకుండా దాచాను, మీరు నమ్మకపోతే చూద్దురుగాని.

నన్ను తిట్టాలనుంటే తిట్టండి, పడతాను. కానీ ఈ ఉత్తరం అందిన వెంటనే, ముందు బాగున్నానని ఒక్క ముక్క రాయండి. మీ చేతిరాత కళ్లబడేదాకా నాకు నిద్ర రాదు. ప్రేమయ్య కూడా కనుక్కోమన్నాడు, అయ్య క్షేమమేనా అని.

ఇట్లు,
మీ మిషనుకు బొట్లు పెట్టిందీ, తుడిచిందీ తానే అయిన
మీ ఇల్లాలు
రాజ్యలక్ష్మి