తుడవకూడని బంతి

వరంగల్,
ఆదివారం.

చిన్నారి మనవరాలు ప్రీతికి, తాత యోసేపు దీవించి రాయునది.

నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో చదివింది అయిదో తరగతే. ఓపికతో చదువుకో బిడ్డా. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి ఆగాను. మీ అమ్మమ్మ పోయినంక ఈ ఇంట్లో అందరం అంటే నేనొక్కడినే. బాగానే ఉన్నాను. పొద్దున వండిన పప్పు రాత్రికీ వస్తుంది. పక్కింటి సమ్మమ్మ గోడ మీంచి "తిన్నవా అన్నా?" అంటుంది. "తిన్న" అంటాను. ఆ రోజుకు మాటలు అంతే.

ఫోన్లో ఎందుకు మాట్లాడవని అడిగావు. నీ గొంతు వింటే నాకు మాట రాదు. రాస్తే కొంచెం వస్తుంది. నీ హాస్టల్‌లో జ్వరాలు తగ్గినయా?

ఇంక నీ గోల్ఫ్ ప్రశ్న. వాన నీళ్ళలో ఆగిన బంతిని పెనాల్టీ లేకుండా తీసి పక్కన వదిలేటప్పుడు తుడవొచ్చా అన్నావు. తుడవొచ్చు. సిమెంటు బాట మీద ఆగినా అంతే. ఊరికే జరుపుకునే హక్కు ఉన్నచోట మంచిగా తుడుచుకో, భయం లేదు. కానీ అది నీ బంతేనా అని చూసుకోవడానికి తీస్తే, ముందు ఆ చోట గుర్తు పెట్టు. బంతి నీదని తెలిసేంత వరకే తుడువు. ఎక్కువ తుడిస్తే ఒక దెబ్బ పెనాల్టీ.

ఇది నాకు తెలియనిది కాదు. అయినా పోయిన నెల పోటీలో కిషన్ రావు సారు గోల్ఫ్ కర్రల సంచి మోస్తుంటే గడ్డిలో బురద బంతి ఒకటి దొరికింది. "మనదేనా చూడు యోసేపూ" అన్నాడు సారు. ఆయన బంతికి ఎర్ర చుక్క ఉంటుంది. కొంచెం తుడిచాను, కనబడలేదు. ఇంకొంచెం తుడిచాను. చివరికి తువ్వాలతో మొత్తం తుడిచినా చుక్క కనబడలేదు.

సారు వచ్చి చూశాడు. "అరె, చుక్క గిక్కడనే ఉన్నది గదనే! దాని మీద బురదే లేకుండె."

"మామ బంతికి తానం పోసిండు సార్!" అని తోటి క్యాడీ మొగిలయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. సారు కార్డు మీద ఒక దెబ్బ ఎక్కువ రాసుకున్నాడు. ఆ ఒక్కదానితోనే ఓడిపోయాడు. పోయేటప్పుడు "జర కండ్లు సూపించుకో" అన్నాడు.

దవాఖానకు పోయాను. "నరం ఎండింది పెద్దాయనా. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకుందాం" అన్నాడు డాక్టరు. మీ అమ్మకు చెప్పలేదు. పనికి పోవడం మానేశాను. పొద్దున కాళ్ళు మాత్రం అటే పోతాయి. కంచె బయట నిలబడి బంతి కొట్టిన చప్పుడు వింటాను. ఎటు పోయిందో తెలియదు.

వచ్చే నెల ఇక్కడి పోటీలో నీ సంచి నేనే మోయాలి, వేరేవాళ్ళు వద్దు అని రాశావు. ఆ మాట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మోయలేను బిడ్డా. నా చేతి వల్ల నీకు ఒక్క దెబ్బ ఎక్కువ పడితే తట్టుకోలేను. మొగిలయ్యను అడిగాను. "నీ మనవరాలంటే నాకు కాదా మామా?" అన్నాడు.

సంచి లేకున్నా నీ వెంట నడవాలని ఉంది. చూసేవాళ్ళను ఆపే తాడు బయటే నడుస్తాను, అడ్డం రాను. కొట్టినప్పుడల్లా బంతి ఎటు పోయిందో నాకు వినబడేటట్టు ఒక మాట చెప్పు. రమ్మంటావా? తొందరగా రాయి.

ఇట్లు,
పోస్టు సైకిలు కోసం గడపలో కూర్చునే
మీ తాత
యోసేపు