ఫోను వెనక నేను

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. నిన్ను నేనెప్పుడూ చూడలేదు. నువ్వు పోయాక ఆయన చేసుకున్న రెండో భార్యను, నీ కూతురికి పిన్నమ్మను. నీ మీద నాకెంత కుళ్ళో నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు ఆయన కంపెనీ నుంచి హెబ్బగోడిలోని మా గదికి వీడియో కాల్ చేస్తారు. ఊళ్ళో ఉన్న మీ అమ్మను కూడా కలుపుతారు. స్క్రీన్ మీద ఆయన, మీ అమ్మ, పాప కనిపిస్తారు. పాప వైపు ఫోను పట్టుకున్న నేను మాత్రం ఎక్కడా ఉండను. మీ అమ్మ మాటలన్నీ నీ గురించే. నువ్వు వేసే జడ, నువ్వు కెలికే సంగటి.

ఈరోజూ అంతే.

"మా లచ్చిమి అయితే పాపిడి ఇట్ల వంకరగా తీసుండదు," అంది మీ అమ్మ పాప తల చూసి.

"ఊరుకో అత్తా, ఆయమ్మ ఆడే ఉండాది," అన్నారు ఆయన.

"యాడ? నాకు కనపడదే!"

"ఫోను ఎనక దాంకోనుండాది అవ్వా," అంటూ పాప నవ్వింది.

"ఓసి దొంగా! ఇట్ల తిప్పమ్మా, నీ మొగం సూస్తా."

సిగ్గుతో చచ్చిపోతూ కెమెరా నా వైపు తిప్పాను. మీ అమ్మ కళ్ళు చిట్లించి నా మొహం చూసింది. నీతో పోలుస్తోందని నాకు తెలుసు.

"ఏమ్మా, ఇంత సన్నంగా ఉండావు? అన్నం తిన్నావా?" అంది.

అది నిన్ను అడగాల్సిన మాట. నేను అప్పటికే కడుపునిండా తిన్నాను. అయినా లేదని చెప్పాను, ఇంకోసారి అడిగించుకోవాలని.