ఎలుకల మిషన్

ఎమ్మిగనూరు, 1987

పరిశోధనశాల పెద్దడాక్టరుగారికి,

నా పేరు లక్ష్మక్క. వయసు డెబ్బై. ఇంట్లో నేనూ, తల్లిలేని మనవరాలు హులిగమ్మా. దానికి తొమ్మిదేళ్లు, గుండెజబ్బు, నాలుగడుగులు వేస్తే పెదాలు నల్లబడతాయి.

నా కొడుకు ఉచ్చీరప్ప బెంగుళూరులో మీ ఎలుకల బోన్లు కడుగుతాడు. వాణ్ణి చూడవచ్చి, ఎలుక రొమ్మున బొచ్చు గొరిగి మిషన్ ఆనిస్తే లోపలి గుండె తెరమీద కొట్టుకోవడం చూసినాను. గొరిగితేనే కనబడుతుందేమోనని మనవరాలికి ఉరుకుంద దేవుని గుడిలో గుండు చేయించి తెచ్చినాను. మీ గుమాస్తా నవ్వి, "ఇది ఎలుకలకేనవ్వా. పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు.

"ఆడ ఆరు నెలలకు గానీ వంతు రాదంటాండారు. నా బిడ్డ ఎలుకపాటి సేయదేమప్పా?" అని అడిగినాను.

ఈ పిల్ల అన్నాళ్లు ఉండదు. మీ ఎలుకల పుస్తకంలోనే దాని పేరు రాసుకోండి. చూసినాక ఎలుకలను చంపేస్తారని కొడుకు చెప్పినాడు. దీన్ని మాత్రం నాకు తిరిగి ఇవ్వండి.

లక్ష్మక్క వేలిముద్ర
సాక్షులు: ఎల్లప్ప, రుక్మాబాయి