అత్తమ్మ పంపిన గుడ్లు

బోయిన్‌పల్లి, 18 సెప్టెంబరు 1948

ప్రభువునందు ప్రియమైన కోడలు డోరాకు, అత్త మార్త దీవెనలు.

పోలీసు యాక్షన్ ముగిసింది గానీ దొంగల గొడవ ముగియలేదు. పది రోజులుగా గుడ్ల మీద కూర్చున్న నా నల్లకోడిని పొద్దున్నే ఎవరో ఎత్తుకుపోయారు. మీ మామగారు పోయే ముందు తెచ్చిన కోడి వంశంలో ఇక మిగిలింది ఈ గుడ్లే. ఊక గంపలో సర్ది జాన్ సాహెబ్ జట్కాలో పంపుతున్నాను. మీ వీధిలో ఎవరి పొదుగు కోడి కిందైనా పెట్టించు. చల్లారనివ్వకు.

మీ అత్త, మార్త

తా.క. సొంత తెలివి వాడకు.

*

బన్సీలాల్‌పేట్, 20 సెప్టెంబరు

పూజ్యులు అత్తమ్మగారికి, డోరా వందనాలు.

ఇక్కడి కోళ్ళన్నీ ఎప్పుడో కూరలైపోయాయి. అందుకే చెక్కపెట్టెలో పాత కోటు పరిచి, పక్కన లాంతరు వెలిగించి నేనే పొదిగిస్తున్నాను. తేమ కోసం గిన్నెలో నీళ్ళు పెట్టాను. గుడ్లను పొద్దునా సాయంత్రం తిప్పుతున్నాను. మామయ్యగారి కోడి వంశం నా చేతుల్లో ఆగిపోనివ్వను.

మీ కోడలు, డోరా

తా.క. నిన్న మాత్రం తిప్పలేదు. విశ్రాంతి దినం కదా!

*

బోయిన్‌పల్లి, 21 సెప్టెంబరు

డోరాకు, అత్త కోపంతో రాయునది.

ఏ కోడైనా ఆదివారం చర్చికి వెళ్ళడం చూశావా? ఆ రోజు కూడా గుడ్ల మీదే కూర్చుని ముక్కుతో తిప్పుతుంది. తిప్పకపోతే పిల్ల పెంకుకు అతుక్కుని చస్తుంది.

మార్త

తా.క. దేవుడు క్షమిస్తాడు. నేను క్షమించను.

*

బన్సీలాల్‌పేట్, 27 సెప్టెంబరు

అత్తమ్మగారికి వందనాలు.

నిన్న ఆదివారమైనా తిప్పాను. ఇప్పుడు కిరోసిన్ దొరకడం లేదు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. మీ అబ్బాయి మంచం దిగడం లేదు. ఒళ్ళు బాగా వెచ్చగా ఉంది, అదే నా ధైర్యం. కదిలితే ప్రమాదమని లేవనివ్వడం లేదు. ప్రార్థన చేయండి. ఇంకా రాద్దామంటే జాన్ సాహెబ్ వాకిట్లో "జెర జల్ది రాయమ్మా, గుర్రం ఆగుతలేదు" అని తొందరపెడుతున్నాడు.

డోరా

తా.క. గొడవలకు మూసిన ఆయన ఆఫీసు ఇంకా తెరవలేదు. అంతా దేవుడి దయ.

*

బోయిన్‌పల్లి, 28 సెప్టెంబరు

అమ్మా డోరా,

నా కొడుక్కి అంత జ్వరమైతే దయ అంటావేమే! రాత్రంతా ఏడ్చాను. నాకు కోడి వద్దు, వంశం వద్దు, నా కొడుకు యేసురాజు లేస్తే చాలు. జకర్యా పాస్టరుగారినీ సంఘ పెద్దలనూ పంపుతున్నాను.

మార్త

తా.క. వాళ్ళకు ఆ గుడ్లతోనే ఆమ్లెట్లు వేసిపెట్టు.

*

బన్సీలాల్‌పేట్, 30 సెప్టెంబరు

అత్తమ్మగారికి వందనాలు.

ఆయనకు జ్వరం లేదు. ఉన్నవి మీ గుడ్లు! కిరోసిన్ అయిపోయాక దూదిలో చుట్టి ఆయన పొట్ట మీద కట్టాను. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టగానే దుప్పట్లో కీచుమంది. "ఏందయ్యా అది?" అన్నారు పాస్టరుగారు. "ప్రార్థన ఆపకుండ్రి అయ్యగారూ, బయటికొస్తున్నయ్!" అన్నారు మీ అబ్బాయి. ఆమెన్ అనే సరికి నాలుగు నల్ల పిల్లలు వచ్చేశాయి. నాకు ఏడుపు ఆగలేదు. పాస్టరుగారూ కళ్ళు తుడుచుకున్నారు. ఆమ్లెట్ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

మీ కోడలు, డోరా

తా.క. ఇవ్వాళ ఆఫీసు తెరిచారు. ఒక గుడ్డు ఇంకా మిగిలింది, మీ అబ్బాయి లేవనంటున్నారు. "కాన్పు అయినంక వస్తనని పెద్ద క్లర్కుకు చెప్పిరా పో" అని నన్ను పంపిస్తున్నారు.