బొగ్గు మానేసిన మిల్లు

విరుదునగర్,
9 జూన్ 2024

ప్రియమైన అముదక్కకు,

మీ కార్ఖానా నుంచి నువ్వు పంపిన వేరుశనగ కడల మిఠాయి హాస్టల్లో ఒక్క పూటలో అయిపోయింది. మన తాత నేర్పిన ఈ తెలుగు అక్షరాలు ఈ తమిళ ఊళ్లో ఎవరికీ రావు. చదువుకునే రోజుల్లో కాన్వెంటులో సిస్టర్లు నా ఉత్తరాలు విప్పి చూసి, ఏమీ అర్థంకాక మళ్లీ మడిచి ఇచ్చేవాళ్లు. ఆ ధైర్యంతోనే ఇప్పటికీ ఫోనులో చెప్పలేనివి నీకు రాస్తాను.

నా ఉద్యోగం ఖాయమైంది. మా మిల్లు బొగ్గు మానేస్తోంది. నూలుకు రంగు వేసే ఆవిరి కోసం ఇన్నాళ్లూ లారీల కొద్దీ బొగ్గు కాల్చారు. ఇకపై సీమ తుమ్మ మాత్రమే. బీడు భూముల్లో పెరిగిన ముళ్లచెట్లను నరికి, ముక్కలు చేసి బాయిలరులో వేస్తారు. నరికిన చోట వేప, కానుగ నాటుతారు. పొగగొట్టం మీది ఆకాశం ఇప్పటికే తేటపడింది. అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

భూమి యజమానుల దగ్గర ఒప్పుకోలు పత్రాలు రాయించుకోవడం నా పని. కొత్త మనుషులతో మాట్లాడాలంటే నాకెంత భయమో నీకు తెలుసు. గుమ్మం దగ్గర నిలబడి గొంతు సర్దుకునేలోపే, "ఎవురు పాపా, ఓటరు లిస్టా?" అంటారు.

నిన్న మొదటిసారి నరకడం చూశాను. యంత్రం చెట్టును వేళ్లతో పెకలించి నమిలేసింది. ఒక ముల్లు ఎగిరి తంగసామి అనే కూలీ కంట్లో దిగింది. అతను అరవలేదు. తానే పట్టుకుని లాగేశాడు. చెంప మీద కారినది రక్తం ఒక్కటే కాదు. మేనేజరు నా నోటుబుక్కులో 'చిన్న గాయం' అని రాయమన్నాడు. రాశాను.

నీ చెల్లెలు,
సంగవి


కోవిల్‌పట్టి,
23 జూన్ 2024

నా బంగారు చెల్లి సంగవికి,

ఆ కన్ను సంగతి చదివాక ఆ పూట అన్నం తినలేకపోయాను. మా మిఠాయి కార్ఖానాలో పాకం ఎర్రగా కాగుతుంటే అదే గుర్తొచ్చింది.

ఇక్కడ మన ఊళ్లోనూ తుమ్మకు గిరాకీ వచ్చింది. మొన్న టీకొట్టు దగ్గర ఎదురింటి తిరుమలసామికీ వాళ్ల బావమరిదికీ గట్టు మీది చెట్ల గురించి మాట వచ్చింది. "మీ అప్పన్ నాటినాడా?" అని ఒకడు. "మీ అప్పన్ నీళ్లు పోసినాడా?" అని ఇంకొకడు. నవ్వుతూనే మొదలైంది. కాసేపటికి తిరుమలసామి చెవి తమ్మె బావమరిది పళ్ల మధ్య ఉంది. టీ మాస్టరు దాన్ని గ్లాసులో వేసి ఆస్పత్రికి పంపాడు. కడిగిన గ్లాసేనా అని ఒకరు అడిగారు కూడా.

మా నాయన మాత్రం తన నాలుగెకరాల్లో కర్రబొగ్గు కాల్చుకుంటున్నాడు. వాన లేని ఆ నల్లరేగడిలో తుమ్మ తప్ప ఏముంది? కర్ర పేర్చి, మట్టి కప్పి, ఎనిమిది రోజులు గాలి తగలకుండా లోపల్లోపల కాలిస్తేనే మా ఇంట్లో కూడు ఉడుకుతుంది. మీ మిల్లు బొగ్గు మానేస్తోందని చెప్తే, "మిల్లు వద్దంటే పోనీ, కమ్మరోడు వద్దంటాడా?" అన్నాడు.

పెదనాయనకు తూర్పు చెక్క, నాయనకు పడమటి చెక్క అని తాత పంచిన రోజు మనిద్దరం గట్టు మీదే ఉన్నాం. వాళ్లిద్దరికీ చెరొక పిడికెడు మట్టి ఇచ్చాడు. చిటికెడు నాలుక మీద వేసుకుంటే మన వాళ్లకు అదే రిజిస్ట్రేషన్. నాయన పిడికెడూ మింగబోయాడని నువ్వు నవ్వావు.

మీ మిల్లు వాళ్లు ఇటు వస్తారా? వస్తే ముందే చెప్పు.

నీ అక్క,
అముద


విరుదునగర్,
10 జూలై 2024

ప్రియమైన అక్కకు,

ఆలస్యానికి క్షమించు. ఇరవయ్యో తేదీన తనిఖీ ఉంది. మా నూలు కొనే పరదేశీ కంపెనీల మనుషులు వస్తున్నారు. బొగ్గు నిజంగా మానేశామని వాళ్లు ఒప్పుకుంటేనే సర్టిఫికెట్టు. అందరికంటే ముందు నా జాబితా పూర్తయింది. మేనేజరు చప్పట్లు కొట్టించాడు. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

మా ముత్తురాజన్న మిల్లుకు కర్ర తోలే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆదివారం యంత్రం మన ఊరి వైపు వస్తుంది. చిన్నాయనకు నెమ్మదిగా చెప్పు. ఆ రోజు చేను దగ్గరికి పోకపోతే మంచిది. తుమ్మ పోతే నేల బాగుపడుతుంది అక్కా, నిజంగా. వేప మొక్కలు నేనే ఎంచి పంపిస్తాను.

ఇంకేమీ రాయలేకపోతున్నాను.

నీ సంగవి


కోవిల్‌పట్టి,
20 జూలై 2024

సంగవికి,

ఆదివారం సంగతి బుధవారం ఉత్తరంలో రాశావు. అది నాకు సోమవారం అందింది. ఒక్క ఫోను చేయడానికి నోరు రాలేదా?

నీకు ఎవరు ఎలా చెప్పారో తెలియదు. నేను చూసింది చెప్తాను. నాయన పేర్చిన బొగ్గు బట్టీకి అది ఆరో రోజు. యంత్రం మెట్టు మీద నిలబడి ముత్తురాజ్ వచ్చాడు. వెనక నలుగురు.

"చిన్నాయనా, జరుగు. పేపరు ఉండాది."

"ఎవురి బూమికిరా పేపరు?"

"మా నాయన బూమికి."

"ఒరే, ఇది మీ తాత ఇచ్చిన మట్టిరా. నేను తిన్న మట్టి."

"తింటివి కదా, ఎప్పుడో అరిగిపోయిండాది. జరుగు."

నలుగురూ నవ్వారు. యంత్రం తొట్టి బట్టీని గుద్దింది. ఆరు రోజులు మూసిపెట్టిన నిప్పు గాలి తగలగానే మనిషెత్తున లేచింది. డ్రైవరు చొక్కా, జుట్టు అంటుకున్నాయి. దూకి నేల మీద పొర్లాడు. ఆ నిప్పు నాయనే పెట్టాడనుకున్నారో ఏమో, నలుగురూ ఆయన మీద పడ్డారు. కర్రలతో కొట్టారు. కిందపడ్డాక రొమ్ము మీద తొక్కారు. ముందు పళ్లు మూడు మట్టిలో పడ్డాయి. ముత్తురాజ్ ఆయన జుట్టు పట్టుకుని నిప్పుల దాకా ఈడ్చి, చెంప ఆనించాడు. చర్మం కాలిన వాసన వచ్చింది.

అప్పుడు వేటకొడవలి ముత్తురాజ్ కుడిచేతి మీద పడింది. ఎముక తెగిన చప్పుడు పచ్చికర్ర తెగినట్టే ఉంది. వేరే చప్పుడు ఉంటుందనుకున్నాను.

స్టేషనులో నాయన ఆ విరిగిన పళ్లతోనే "నేనే" అన్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఇంకొకరి భూమిలో, హక్కుదారు ఒప్పుకోలుతో పని చేసుకుంటున్నవాళ్లను చంపబోయాడని కేసు.

ఆ ఒప్పుకోలు పత్రం నకలు చూశాను. అంతా ఇంగ్లీషు. కింద పెదనాయన సంతకం. పైన రాసినదంతా వాలుగా ఉన్న కాన్వెంటు చేతిరాత. ఏం రాసి ఉందో నాకు చదివి చెప్పు. నువ్వే చెప్పు.

అముద


విరుదునగర్,
2 ఆగస్టు 2024

అక్కా,

అందులో ఇలా ఉంది: 'ఈ నాలుగెకరాలకు పూర్తి హక్కుదారు తిరుపతిసామి. తుమ్మ నరకడానికి సమ్మతిస్తున్నాడు. ఇందులో మరెవరికీ హక్కు లేదు.'

చివరి వాక్యం నాది. మీ పడమటి చెక్క పట్టా ఇప్పటికీ మా నాయన పేరునే ఉంది. నా జాబితాకు సరిగ్గా నాలుగెకరాలు తక్కువయ్యాయి. సంతకం పెట్టేముందు నాయన అడిగాడు, "ఇది మా తమ్ముడు చెల్లయ్యది కదమ్మా?" అని. "పేపర్లో మీ పేరే ఉండాది నాయనా" అన్నాను. "నువ్వు సదువుకున్నదానివి" అని పెట్టేశాడు. ముత్తురాజన్న ఆ కాగితాన్నే నమ్మాడు.

ఆ రోజు గట్టు మీద నేనూ ఉన్నాను. తాత మట్టి ఇవ్వడం నేనూ చూశాను. కాగితంలో లేనిది లోకంలోనే లేదనుకోవడం బడిలోనే అలవాటైంది. అది సాకు కాదు. ఉన్నది చెప్తున్నాను.

అన్నకు మోచేతి కింద తీసేశారు. మెలకువ వచ్చినప్పుడల్లా "చిన్నాయన నరికినాడు" అని గోడ వైపు తిరుగుతాడు. కోర్టులో నిజం చెప్తానన్నాను. అమ్మ వార్డులోనే టిఫిను క్యారియరు మూతతో నా మూతి మీద కొట్టింది. "వాడి చెయ్యి పోయ. ఇప్పుడు వాణ్ణి దొంగని కూడా సేస్తావా?" అంది. పెదవికి రెండు కుట్లు పడ్డాయి. మా మేనమామలు మీ మేకల దొడ్డి తగలబెట్టారని విన్నాను. లోపల మేకపిల్లలు ఉన్నాయట. ఏమని అడగను?

తనిఖీ బాగా జరిగింది. 'సంఘటన మిల్లు ఆవరణ బయట జరిగింది' అని మేనేజరు ఒక్క వాక్యం రాశాడు. సర్టిఫికెట్టుకు చట్రం కట్టించి గోడకు పెట్టారు. మీ చేను తుమ్మ బాయిలరులో కాలిపోయింది. ఆకాశం తేటగానే ఉంది.

నేను రాజీనామా ఇవ్వలేదు. ఇస్తే ఆ ఫైలు నా చేతికి అందదు. నిన్న అసలు పత్రం తీసుకుని బయటికి వచ్చేశాను. పన్నెండో తేదీ సోమవారం, చిన్నాయన కేసు వాయిదాకు, కోవిల్‌పట్టి కోర్టులో మీ వకీలుకు ఇస్తాను. ఆ భూమి ఎవరిదో, పత్రం ఎవరు రాశారో చెప్తాను.

సంగవి


కోవిల్‌పట్టి,
6 ఆగస్టు 2024

ప్రియమైన సంగవీ,

పోస్టును నమ్మక ఇది బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు కోర్టు మెట్లు ఎక్కకముందు ఒకటి తెలుసుకో. నరికింది నాయన కాదు. నేను.

నలుగురి కాళ్ల కింద పడి ఉన్న మనిషి లేచి ఎలా నరుకుతాడు? ఎస్సై అడగలేదు. నువ్వూ అడగలేదు. వేటకొడవలి కర్రల కుప్ప మీద ఉంది. తీసుకున్నాను. చేతికి కాదు, మెడకే వేశాను. అన్న చేయి అడ్డం పెట్టాడు, అంతే. పెట్టకపోతే నువ్వు ఇప్పుడు వేరే ఉత్తరం రాసేదానివి.

అతను నన్ను చూశాడు. "అమ్మూ" అన్నాడు, చిన్నప్పుడు పిలిచినట్టే. తర్వాత పోలీసులకు చిన్నాయన పేరు చెప్పాడు. ఆడపిల్ల నరికిందని చెప్పుకోవడం సిగ్గో, నా బతుకు చెడకూడదనో, నాకు తెలియదు. జాలి అయితే మాత్రం నేను దాన్ని మోయలేను.

నేను జైలుకు ములాఖత్తుకు పోయినప్పుడల్లా నాయన, "నువ్వు పనికి పో కన్నా. ఈడ నాకి బువ్వ పెడతా ఉండారు" అంటాడు. పళ్లు లేక మాట జారిపోతుంది. మూడు వారాలుగా వింటూ ఊరుకున్నాను. నిన్ను తిట్టుకుంటూ ఉంటే నేను చేసింది నాకు కనపడలేదు. నీ ఉత్తరం వచ్చాక తిట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నువ్వు చేసింది నువ్వే చెప్పేశావు.

సోమవారం తొమ్మిదింటికి మొదట పోలీసు స్టేషనుకు పోతాను. ఆ తర్వాతే కోర్టు. నాయనకు ఇంకా చెప్పలేదు. చెప్తే అడ్డుపడతాడు.

నువ్వు విరుదునగర్ బస్సు దిగి నేరుగా స్టేషనుకే రా. నిన్ను చూడగానే కొడతానో, పట్టుకుని ఏడుస్తానో నాకు తెలియదు. కొట్టినా కొడతాను. అయినా రా. ఆ గుమ్మంలోకి ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయంగా ఉంది.

నీ అక్క,
అముద