హిందీలో ఆయన గొంతు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం

రాయ్‌పూర్ డాక్టరు దాచకుండా చెప్పేశాడు. క్యాన్సరే, స్వరపేటిక మొత్తం తీసేయాలి. ప్రాణం నిలుస్తుంది, గొంతు ఉండదు. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతారట. ఇక ఊపిరంతా అందులోంచే.

ఈయన అంతా విని, ఆపరేషన్ తర్వాత డ్యూటీ ఎక్కొచ్చా అని అడిగారు. గూడ్స్ గార్డు పగలూ రాత్రీ వాకీటాకీలో డ్రైవరుతో మాట్లాడుతూ ఉండాలి. మాట లేనివాణ్ణి బండి ఎక్కనివ్వరని ఆయనకి తెలుసు. అయినా అడిగారు.

తిరుగు రైల్లో బిలాస్‌పూర్ దాకా నోరు విప్పలేదు. నాకు కోపం వచ్చింది. మిగిలిన ఈ కొన్నాళ్లయినా మాట్లాడకపోతే ఎలా?

ఫిబ్రవరి 14

మా అమ్మాయి ఝాన్సీ వచ్చింది. బ్యాంకులో సెలవు పెట్టిందట. దారిలోనే అన్నీ వెతికి పెట్టుకుంది. ఒక యాప్ ఉందట. ఇప్పుడు వాళ్ల నాన్న కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేస్తే, రేపు ఆయన ఫోన్‌లో టైప్ చేసిన మాట ఆయన గొంతుతోనే పలుకుతుంది. కాకపోతే అందులో హిందీ, ఇంగ్లీషే ఉన్నాయి. తెలుగు లేదు. ఇంకో యాప్‌లో తెలుగు ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఆ గొంతు వార్తలు చదివే అమ్మాయిది.

ఫ్రిజ్ కొనేటప్పుడు చూసినట్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఇందులో ఇది బాగుంది, అందులో అది బాగుంది అని.

ఈయన ఒప్పుకోలేదు. "నా గొంతట్టుకెళ్లి ఎవడి కంప్యూటర్లోనో దాస్తావేటి?" అన్నారు. ఝాన్సీ, "నాన్నా, సునో నా, నీ ఆవాజ్ నీకే మిగుల్తుంది కదా" అంటూ ఏడ్చేసింది. రైల్వే కాలనీలో సూర్యం బాబు అంటే ముందు గొంతు వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు. ఆ మనిషి కూతురి ఏడుపు చూసి బొంగురు గొంతుతో ఒక్క ముక్క కూడా అనలేకపోయారు.



ఫిబ్రవరి 19, బుధవారం

ఒప్పుకున్నారు. కూతురి కోసమే.

ముందుగదిలో ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి కూర్చోబెట్టింది. యాప్ ఇచ్చిన వాక్యాలన్నీ హిందీలో. "ఆజ్ మౌసమ్ బహుత్ సుహానా హై" అని, వాతావరణం హాయిగా ఉందన్న ఆ వాక్యాన్ని ఆయన బండి గతౌరా స్టేషన్ దాటిందని కంట్రోల్ రూముకి చెబుతున్నట్టే చదివారు. ముగ్గురం నవ్వాం. నవ్వితే ఆయనకి దగ్గొచ్చింది. అప్పుడు ఎవరమూ నవ్వలేదు.

గొంతు బాగా పాడైపోయింది. అందుకని ఝాన్సీ, ఈయనతో పనిచేసిన అప్పలస్వామి గారి రిటైర్మెంట్ వీడియో కూడా కలిపింది. అందులో ఈయన హిందీలో పెద్ద స్పీచ్ ఇచ్చారు. అప్పటికి జబ్బు లేదు.

ఫిబ్రవరి 24, సాయంత్రం, హాస్పిటల్

రేపే. ఝాన్సీ మందులకి కిందికి వెళ్లినప్పుడు నా ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేశాను. తెలుగులో ఏదైనా చెప్పండి అన్నాను. ఆయన సర్దుకుని కూర్చుని, "నేను, సూర్యం, మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టారు. రేడియోలో మాట్లాడినట్టు. రెండుసార్లు ప్రయత్నించాం. ఫోన్ కనిపిస్తే చాలు, ఆయన మాట మారిపోతోంది.

ఫోన్ ఆపేసి సంచిలో పెట్టేశాను. వెంటనే మామూలు మనిషైపోయారు. "ఏటే, ఆ కర్గీ రోడ్ టేసన్లో బండాగిపోయినప్పుడు నీకు పనసకాయ తెచ్చాను, గ్యాపకముందేటి?" అంటూ ఎత్తుకున్నారు. పలాసలో మా పెళ్లి, నేను ఈ ఊరొచ్చిన కొత్తలో హిందీ రాక పాలవాడితో సైగలు చేయడం, అన్నీ. నొప్పి పెడుతున్నా ఆపలేదు. నేనూ ఆపలేదు. చెవులతోనే విన్నాను.

ఫిబ్రవరి 25

పొద్దున్నే తీసుకెళ్లారు. లిఫ్ట్ తలుపులు మూసుకునేలోపు నాకేసి ఏదో అన్నారు. స్ట్రెచర్ చప్పుడులో వినపడలేదు.

మార్చి 18, మంగళవారం

క్వార్టర్‌కి వచ్చేశాం. నిన్న మొన్నటిదాకా బటన్ల ఫోన్ వాడిన మనిషికి ఝాన్సీ పెద్ద ఫోన్ కొని, ఒళ్లో పెట్టి అన్నీ నేర్పింది.

నేను వంటింట్లో ఉన్నాను. వెనక నుంచి, "హైమా, థోడా పానీ దేనా" అని వినిపించింది.

ఆయన గొంతు. జబ్బు లేని గొంతు. గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఝాన్సీ చప్పట్లు కొట్టింది.

నీళ్లు ఇచ్చాను. ఇచ్చాక మొదలైంది దిగులు. ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. నా పేరు 'ఏటే'. నాతో ఏనాడూ హిందీ మాట్లాడలేదు. సాహెబ్‌తో, టీసీతో, కూరలమ్మే ఆవిడతో మాట్లాడే గొంతు ఇవాళ నన్ను మంచినీళ్లు అడిగింది.

మార్చి 23, ఆదివారం

ఇంట్లో పెద్ద గొడవ. తెలుగు యాప్ పెట్టమని నేనే అన్నాను. ఝాన్సీ పెట్టింది. ఆయన తనకి వచ్చినట్టు 'తినీసావేటే' అని కొట్టారు. ఫోన్ దాన్ని తప్పనుకుని దిద్దింది. చివరికి ఆ వార్తల అమ్మాయి, "నువ్వు భోజనం చేశావా?" అని తియ్యగా అడిగింది. ఈయన భుజాలు కదిలేలా నవ్వారు. చప్పుడు లేదు.

ఝాన్సీ అంది: చూశావా అమ్మా, ఎవరో పిల్ల మాట్లాడుతున్నట్టుంది. నాన్న గొంతు చేతిలో ఉండగా ఇదెందుకు? నేనన్నాను: గొంతుంటే సరిపోతుందా, మాట ఆయనది కావద్దా? నువ్వు హిందీలో పెరిగావు, నీకు అది ఇంటి మాట, నాకు కాదు. అది అంది: నీకు నాన్న కంటే తెలుగే ఎక్కువా? అలా అనకూడదు. అనేసింది. నేను కూడా, నీ కోసమే ఆయన ఆ హిందీ చదివారు, నా కోసం ఏం మిగిలిందని అరిచాను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఫోన్ స్విచాఫ్ చేసి వరండాలోకి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 6

కూతురు వెళ్లిపోయింది. పొద్దున సాయంత్రం దానికి హిందీ గొంతుతో మెసేజ్ పంపుతారు. నాతో సైగలే.

ఇవాళ ఒంటరిగా బుధ్‌వారీ బజార్‌కి వెళ్లారు. ఒకప్పుడు నోట్లు తప్ప ఇంకోటి నమ్మేవారు కాదు. ఒక్క సొరకాయకి అరగంట బేరం, అందులో కూరలమ్మే ఆవిడ మనవల కబుర్లతో సహా. ఇప్పుడు వేలు పెట్టి చూపిస్తారు, ఆవిడ తూస్తుంది, ఈయన ఫోన్‌తో స్కాన్ చేస్తారు. డబ్బు పడిందని తక్కెడ పక్కన డబ్బా అరుస్తుంది. వెళ్లినంతసేపు పట్టలేదు, వచ్చేశారు. ఝాన్సీ ఫోన్‌లో సంబరపడింది, ఎంత ఈజీనో చూడమ్మా అని. నిజమే. ఎవరికీ ఆయన మాట అక్కర్లేదు.

అక్కడైనా ఫోన్‌తో మాట్లాడొచ్చు కదా అన్నాను. దెయ్యమనుకుంటారు అని టైప్ చేసి చూపించారు.

మే 2, శుక్రవారం

ఇది రాసుకోవాలి.

బట్టలు ఆరేయడానికి వరండాలోకి వెళ్లాను. ఆయన నాకు వీపు పెట్టి, గోడకి వేలాడే చిన్న అద్దంలో చూసుకుంటూ పెదాలు కదుపుతున్నారు. గడ్డం గీసుకోవడం కాదు. పదేపదే ఒకే కదలిక. నన్ను చూసి దొంగలా ఆగిపోయారు. చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

మళ్లీ కదిపారు. పెదాలు సాగి, నాలుక పైకి తగిలి, మళ్లీ సాగాయి.

ఏటే.

చదివేశాను! గొంతు లేదు, గాలి కూడా లేదు. ఆ తర్వాత ఇంకోటి. తప్పు చెప్పాను. తల కొట్టుకుని మళ్లీ చెప్పారు. "టీ పెడతావేటి?" అట. ఇంతసేపూ టీ కోసం. నేను నవ్వుతూనే ఏడ్చాను. బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి.

జూన్ 15

ఇప్పుడు దాదాపు అన్నీ అందుతున్నాయి. తిట్లు ముందు అందుతాయి.

ఆగస్టు 20, బుధవారం

స్కాన్ వచ్చింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందట. డాక్టరు నాతో చెబుతుంటే ఈయన డాక్టరు పెదాలకేసి చూస్తున్నారు.

నవంబర్ 9

పోయారు.

నవంబర్ 30, ఆదివారం

కర్మలు అయిపోయాయి. క్వార్టర్ ఖాళీ చేయాలి. ఈ ఊళ్లోనే మోప్కాలో అద్దెకి రెండు గదులు చూశాం. ఝాన్సీ తనతో రాయ్‌పూర్ రమ్మంటోంది. ఆలోచిస్తానన్నాను.

చివరి రోజుల్లో ఆయన పెదాలు బాగా ఎండిపోయాయి. నేను దూదితో తడుపుతూ ఉండేదాన్ని. తడి తగిలితే కదిలేవి. అవి మాటలో, దాహమో, నాకు తెలియలేదు. అన్నీ చదవగలననుకున్నాను.

డిసెంబర్ 7, ఆదివారం, రాయ్‌పూర్

ఝాన్సీ రూముకి వచ్చాను. స్నానం చేసి బయటికి వస్తుంటే లోపల ఆయన మాట్లాడుతున్నారు. "బేటా, ఖానా ఖాయా? టైమ్ పే సో జానా." అన్నం తిన్నావా, వేళకి పడుకో అని.

ఝాన్సీ మంచం మీద ముడుచుకుని కూర్చుంది. చేతిలో ఆయన ఫోన్. తనే టైప్ చేసుకుంటోంది, తనే వింటోంది. ఆఫీసుకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, రోజూ చేస్తోందట. దొరికిపోయిన పిల్లలా నన్ను చూసింది.

నేను ముందు తప్పన్నాను. ఆయన అననివి ఆయన నోట్లో పెట్టొద్దన్నాను. అది అంది: అమ్మా, నీకు ఆయన పెదాలు ఉన్నాయి. నీ లోపల తెలుగంతా ఉంది. నాకు ఏముంది? నేను బ్యాంకు నుంచి వచ్చి ఎవరితో చెప్పుకోను? ఇదొక్కటే కదా.

మార్చిలో నాకేం మిగిలిందని నేను అరిచిన మాటే ఇది. వెనకాల కూర్చుని దానికి జడ వేశాను. తీసేయొద్దులే, ఉంచుకో అన్నాను. నేను మాత్రం విననన్నాను. అది ఫోన్‌కి ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది.

2026 జనవరి 18

ఝాన్సీ ఫోన్ చేసింది. ముందు వాతావరణం గురించి, మోప్కాలో మా ఇంటి ఓనర్ల కుక్క గురించి మాట్లాడింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది, "అమ్మా, నాన్న నన్ను తెలుగులో ఏమని పిలిచేవాడు? నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా. బేటా అనే వినపడుతోంది."

"ఒలే గుంటా" అని చెప్పాను, మా పలాస వైపు ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట.

మళ్లీ చెప్పమంది.