నేల మింగిన మెట్టు

జూన్ 9, ఉదయం

తుడిచిన నీళ్లన్నీ ఆరిపోయాయి. మూడో మెట్టు నడుమ మాత్రం దోసెడు మిగిలాయి. రాయి అంతగా అరిగింది.

నూరేళ్లు దాటిన హైస్కూల్. హెరిటేజ్ జాబితాలో ఉంది. కొలిచి, గీసి, ఏది అసలుదో ఏది తర్వాత కట్టిందో రాయడం నా పని. తర్వాత కట్టినదాన్ని పడగొట్టవచ్చు. వరండాలోంచి పైకెళ్లే ఈ మెట్ల చోట లిఫ్ట్ పెట్టాలని స్కూల్ కమిటీ తొందరపడుతోంది.

జూన్ 10

పాత ప్లాన్‌లో ఇరవై రెండు మెట్లు. నా లెక్కకు ఇరవై ఒకటి. మూడుసార్లు ఎక్కి దిగాను.

జూన్ 11

ప్లాన్‌తో కలవలేదంటే ఎప్పుడో మార్చి కట్టారన్నమాట, అసలువి కావని రాసెయ్యమ్మా, నానబెట్టకు అన్నారు బాస్. రాశాను. పంపాను. అరిగిన రాయి సంగతి మాత్రం రాయలేదు.

జూన్ 13

వరండా కప్పు కారుతోందని ముసలి తాపీ మేస్త్రీ వచ్చాడు. నా చేతిలోని ప్లాన్‌లోకి తొంగి చూసి, కాగితంలో స్తంభాలకు జానెడు పాదాలున్నాయి, ఇక్కడ బెత్తెడు కూడా లేవు, ఏమైపోయాయి తల్లీ, నేల మింగిందా అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయాను. టైల్స్! ఎప్పుడో వరండాను ఎత్తు పెంచి పరిచారు. నేను మెట్లు లెక్కపెట్టింది ఆ కొత్త నేల నుంచి. ముందు నేల సంగతి తేల్చుకోవాలని కాలేజీలో మొదటి వారమే చెప్పారు.

హెడ్‌మిస్ట్రెస్ గది బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాను. రెండు టైల్స్ లేపితే చాలన్నాను. మళ్లీ నువ్వే అతికిస్తావా అన్నారు. నా వెనకనుంచి మేస్త్రీ, ఆ పిల్లకేం చేతనవును, నేనున్నాను లెండి మేడం అన్నాడు.

మధ్యాహ్నం 3

ఉంది. టైల్స్ కింద మట్టి, మట్టి కింద రాతి అంచు. అదే రాయి. పైవాటికంటే తక్కువ అరిగింది.

జూన్ 14

బాస్‌కు ఫోన్ చేసి, నా రిపోర్ట్ తప్పు అన్నాను. కమిటీ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను అని కేకలేశారు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి ఆయనే అలిసిపోయి ఫోటోలు పంపమన్నారు. నీకు నోరుందని ఇవాళే తెలిసింది అని కూడా అన్నారు.

జూన్ 21

మెట్లు ఉంటాయి. లిఫ్ట్ వెనక, సైకిల్ షెడ్ పక్కన పెడతారట.

జూన్ 22

ఈ స్కూల్లోనే ఆరేళ్లు చదివాను. అప్పట్లో ఈ మెట్లు స్కూల్ నడిపే కాన్వెంట్ సిస్టర్లకూ టీచర్లకూ మాత్రమే, పిల్లలం ఎక్కకూడదు. లెక్కపెట్టడానికి ఎక్కిందే మొదటిసారి.